శిక్షణ ముగిసిన మరునాడు

బస్తరు ప్రాంతపు దక్షిణపు అంచున, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న తర్లగూడ వంటి గ్రామాలలో ప్రభుత్వోద్యోగుల నోట తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది. అది ‘ఉద్యమ్’. 2020 జూలై నుండి కేంద్ర ప్రభుత్వం చిన్న వ్యాపారాలకు ఇచ్చే నమోదు పత్రానికి కూడ ఇదే పేరు. హిందీలో ఈ మాటకు ప్రయత్నము, వ్యాపారము అని అర్థం. తెలుగు ఇంటి భాషగా గల మనిషికి మాత్రం ఉద్యమం అనగానే జెండా, ఊరేగింపు, సమ్మె గుర్తుకు వస్తాయి. ‘నీవు ఉద్యమంలో నమోదు చేసుకొన్నావా’ అని అధికారి అడిగితే భోపాలపట్నం తాలూకా తెలుగువాడు ఒక్క క్షణం తటపటాయించుటలో ఆశ్చర్యం లేదు. ఇది నవ్వుకొని వదలివేయదగిన విషయం కాదు. చిన్న వ్యాపారానికి ప్రజాధనంతో ఇచ్చే సలహా, శిక్షణ ఎవరి భాషలో, ఎవరి కాలగణనలో, ఎవరి లెక్కల ప్రకారం నడుస్తున్నవో ఈ ఒక్క మాటలోనే తెలిసిపోతున్నది.

కార్మిక సంఘాల పత్రికకు ఈ వ్యవహారంతో ఏమి పని అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. చిన్న దుకాణదారు మన సభ్యుడు కాడనియు, అతని బాగోగులు చూచుటకు వర్తక సంఘాలు ఉన్నవనియు వారి వాదన. పట్టణపు పెద్ద బజారు విషయంలో ఈ వాదన కొంతవరకు చెల్లవచ్చును. తర్లగూడలో చెల్లదు. అక్కడ రహదారి ప్రక్కన నాలుగు బల్లలు వేసి టీ హోటలు పెట్టినవాడు మార్చిలో ఇప్పపువ్వు ఏరుతాడు, మే నెలలో తునికాకు కోస్తాడు, వానలు పడగానే ఎకరమో రెండెకరాలో దున్నుతాడు. అతని ఇంటివారు మిరప కోతల కాలంలో గోదావరి దాటి ములుగు, భద్రాచలం వైపు కూలికి పోతారు. ఏడాదిలో ఏ మూడు నెలలు చూచి ఇతనిని వ్యాపారి అనవలెను? 2021 ఆగస్టులో ప్రారంభమైన ఈ-శ్రమ్ నమోదులో ఇతడు అసంఘటిత కార్మికుడు. ప్రక్క గదిలోని ఉద్యమ్ నమోదులో ఇతడే పరిశ్రమాధిపతి. కార్మికుడని వ్రాసుకొన్న గదిలో కనీస వేతనం, భవిష్యనిధి, ప్రమాద భీమా అడుగుటకు నోరుంటుంది. పరిశ్రమాధిపతి అని వ్రాసుకొన్న గదిలో అడుగదగినది అప్పు మాత్రమే. పాలకులు ఇతనిని మొదటి గది నుండి రెండవ గదికి మెల్లగా నడిపించుకొని పోతున్నారు. శిక్షణ అనేది ఆ రెండు గదుల మధ్య తలుపు. అందువలన ఇది మన పనే.

ఈ శిక్షణల కథ కొత్తది కాదు. కేంద్ర ప్రభుత్వం చిన్న పరిశ్రమల సంస్థను 1954లో నెలకొల్పి, సలహా కేంద్రాలను రాష్ట్రానికొకటి చొప్పున తెరిచింది. ఆ సలహాదారులకు శిక్షణ ఇచ్చుటకు 1960లో ఢిల్లీలో పుట్టిన సంస్థ 1962లో హైదరాబాదుకు తరలివచ్చింది. యూసుఫ్‌గూడలో జాతీయ సంస్థగా నేటికీ ఉన్నది అదే. 1964లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్‌లెలండ్ ఈ సంస్థ ద్వారానే మన కాకినాడ వ్యాపారులను బృందాలుగా రప్పించి, కార్యసాధన పట్ల పట్టుదల పెంచే తరగతులు నడిపినాడు. డేవిడ్ వింటర్‌తో కలిసి ఆయన 1969లో ప్రకటించిన గ్రంథం ద్వారా కాకినాడ పేరు ప్రపంచమంతటా వ్యాపార శిక్షణ విద్యార్థుల నోట నానింది. తరగతులకు వచ్చినవారు రానివారికంటె ఎక్కువ చురుకుగా వ్యాపారం పెంచినారని, క్రొత్తవారికి పనులు కల్పించినారని అందులో తేలింది.

కాని అదే పరిశోధనలో మరొక సంగతి కూడ ఉన్నది. దానిని శిక్షణల ప్రచారకులు అంతగా చెప్పరు. ఫలితం ప్రధానంగా కనబడినది తమ వ్యాపారంలో నిర్ణయాధికారం తమ చేతిలో ఉన్నవారి విషయంలోనే. తరగతి నుండి ఇంటికి పోయి ‘రేపటి నుండి ఇట్లు చేయుదము’ అని చెప్పగల స్థితిలో ఉన్నవానికి శిక్షణ అక్కరకు వచ్చింది. ఆ స్థితి లేనివానికి తరగతి గది వరకే వచ్చింది. ఈ సంగతిని తర్లగూడకు అన్వయించి చూడవలెను. సరుకు ధర తాను నిర్ణయించలేని, తూకపు రాయి తనది కాని, ముందుగా తీసుకొన్న అప్పుకు సరుకును ఏ కోచియాకు పోయవలెనో కూడ ఎంచుకోలేని సేకరణదారుకు మనోబలం మీద ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినను ఏమి లాభం?

1977 డిసెంబరులో అప్పటి కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పారిశ్రామిక విధానం ప్రకారం 1978 నుండి జిల్లా పరిశ్రమల కేంద్రాలు వెలసినవి. సలహా, శిక్షణ, ఋణం, ముడిసరుకు అన్నియు ఒకే కప్పు క్రింద దొరకునని ఆనాటి వాగ్దానం. అప్పటి బస్తరు జిల్లా కేరళ రాష్ట్రమంత విశాలమైనది. భోపాలపట్నం వైపువారికి ఆ ఒక్క కప్పు జగదల్‌పూరులో, రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉండెను. 1998లో దంతెవాడ, 2007లో బీజాపూరు జిల్లాలు ఏర్పడి కప్పు కొంత దగ్గరకు జరిగింది. అయినను తర్లగూడ మనిషి భోపాలపట్నం దాటి, అడవి దాటి బీజాపూరు పోయి రావలెనంటే ఒక దినం కూలి పోతుంది. సంబంధిత అధికారి ఆ దినం కుర్చీలో లేకపోతే రెండవ దినం కూడ పోతుంది.

ఇక ఇటీవలి చరిత్రకు వత్తాము. 2018 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, ప్రధానమంత్రి బీజాపూరు జిల్లాలోనే వన్‌ధన్ పథకాన్ని ప్రారంభించినారు. దేశంలో మొట్టమొదటి నమూనా కేంద్రం ఈ జిల్లాకే దక్కింది. మూడు వందల మంది గిరిజనులకు శిక్షణ, పనిముట్లు, భవనం అన్నీ కలిపి 43 లక్షల 38 వేల రూపాయలు కేటాయించినట్లు ప్రకటించినారు. చింతపండును ఇటుకలవలె అచ్చు పోయుట, ఇప్పపువ్వు నిలువ చేయుట, సారపప్పు శుభ్రపరచి పొట్లాలు కట్టుట అక్కడి పనులు. మంచి ఆలోచన. దీనికి ఈ గడ్డ మీదనే పూర్వరంగం కూడ ఉన్నది. 1999 ప్రాంతంలో బస్తరులో ‘ఇమ్లీ ఆందోళన్’ పేరిట గ్రామ బృందాల ద్వారా చింతపండు కొనిపించి దళారుల పట్టు సడలించుటకు ప్రయత్నం జరిగింది. అంతకు ఎంతో ముందే, 1956లో, మన ఆంధ్రలో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణంలో పుట్టింది. అడవి సరుకును దళారి చేతి నుండి తప్పించవలెనన్న ఆలోచనకు అరువది ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నదన్నమాట.

నమూనా కేంద్రం తరువాత దేశమంతటా పథకం విస్తరించి, మూడు వేలకు పైగా సముదాయాలు మంజూరైనవి. అయితే లెక్క మారింది. మూడు వందల మంది సభ్యులుగల ఒక్కొక్క సముదాయానికి గరిష్ఠంగా 15 లక్షల రూపాయలు. అనగా తలకు ఐదు వేలు. శిక్షణ, సామగ్రి, తొలి పెట్టుబడి అన్నియు ఈ ఐదు వేలలోనే ఇమడవలెను. ఛత్తీస్‌గఢ్‌లో 2024 నుండి తునికాకుకు మానక బోరా ఒక్కింటికి 5,500 రూపాయలు చెల్లిస్తున్నారు. మానక బోరా అంటే ఏబది ఆకుల కట్టలు వెయ్యి. ఒక మనిషిని ‘పరిశ్రమాధిపతి’గా మార్చుటకు ప్రభుత్వం వెచ్చించునది ఆ మనిషి వేయి కట్టల ఆకు కోసి సంపాదించే కూలికంటె తక్కువ!

తునికాకు ధర సంగతి వచ్చినది గనుక ఒక మాట. 2018 వరకు బోరాకు 2,500 ఉన్నది 2019లో 4,000 అయినది, 2024లో 5,500 అయినది. ఆ రేటు ప్రతి కల్లంలోను అందరికీ తెలుసు. తక్కువ ఇస్తే అడుగగలరు. ఎన్నికలలో పార్టీలు దానిపై పోటీ పడి వాగ్దానాలు చేయక తప్పని స్థితి వచ్చింది. శిక్షణకు ఇట్టి రేటు ఏదీ లేదు. ఎంతమందికి శిక్షణ ఇచ్చినారో లెక్క ఉంటుంది. శిక్షణ పొందినవారి ఆదాయం మరుసటి ఏడు ఎంత పెరిగిందో ఆ ఊరి గోడ మీద ఎవరును వ్రాయరు.

వ్రాస్తే ఎట్లుంటుందో చూడుడు. 2020 మే నెలలో కేంద్రం సవరించిన మద్దతు ధరల ప్రకారం పిక్కతో ఉన్న చింతపండు కిలో 36 రూపాయలు, పిక్క తీసినది 63 రూపాయలు. పైకి చూస్తే దాదాపు రెట్టింపు. విలువ పెంచుట అంటే ఇదే అని తరగతిలో బోర్డు మీద వ్రాసి చూపిస్తారు. కాని పిక్క తీస్తే బరువు తగ్గుతుంది. పది కిలోలకు ఆరు కిలోల గుజ్జు వచ్చిందని అనుకొందము. పది కిలోలు అట్లే అమ్మితే 360. ఆరు కిలోలు పిక్క తీసి అమ్మితే 378. పదునెనిమిది రూపాయల తేడా! పిక్కలు అమ్ముకొంటే మరి కొన్ని రూపాయలు. పది కిలోల పండు ముందు వేసుకొని ఈనెలు లాగి, పిక్క తీయుటకు ఎంత పొద్దు పట్టునో ఇంటి ఆడవారిని అడిగితే చెబుతారు. ఆ పొద్దుకు కనీస వేతనం లెక్క గట్టితే ఈ ‘పరిశ్రమ’ నష్టంలో నడుస్తున్నదని తేలుతుంది. బజారు ధర కొన్ని ఏండ్లలో మద్దతు ధరను దాటిపోవుట నిజమే. ఆ పెరిగిన పైకం చేతికి రావలెనంటే సరుకును కొన్ని నెలలు నిలువ చేయగల గోదాము, అంతవరకు ఇల్లు గడుపుకొనుటకు చేబదులు కావలెను. శిక్షణ ఈ రెండింటినీ ఇవ్వదు. శీతల గోదాములున్న వ్యాపారికి ఎవరు శిక్షణ ఇవ్వనక్కర లేకుండానే ఆ లాభం వస్తున్నది.

ఇట్లు వ్రాయుట చేత మేము శిక్షణలకు వ్యతిరేకులమని ఎవరైన అనుకొంటే పొరబాటు. చింతపండు మురిగిపోకుండ అచ్చు పోయుట, సారపలుకు విరగకుండ కొట్టుట, పద్దు వ్రాయుట, తూకం సరిచూచుట — ఇవన్నియు విద్యలే. శ్రమజీవి చేతికి వచ్చిన ఏ విద్యయు వృథా కాదు. తూకం సరిచూచుట నేర్చిన మహిళ సంతలో కాటా ముందు నిలబడే తీరే వేరు. ఉప్పుకు బదులు సమాన బరువు సారపప్పు కొలిపించుకొన్న వ్యాపారులను ఈ ప్రాంతం చూచి ఉన్నది. పద్దు, తూకం తెలిసినవారిని అట్లు ముంచుట సులభం కాదు. మేము అడుగునది ఆ విద్య పని చేయుటకు కావలసిన తక్కిన హంగులు ఏవి అని.

మొదటిది కాలం. ప్రభుత్వపు ఏడు మార్చి 31తో ముగుస్తుంది. నిధులు మురిగిపోకుండ ఖర్చు చూపవలసిన తొందరలో అనేక శిక్షణలు ఫిబ్రవరి, మార్చి నెలలలో కుప్పబడుట అందరికి తెలిసినదే. అడవి ఏడు అప్పుడే మొదలవుతుంది. చింతపండు రాలేదీ, ఇప్పపువ్వు తెల్లవారుజామున ఏరవలసినదీ ఆ నెలలలోనే. ఆ దినాలలో తరగతికి రమ్మంటే వచ్చేది ఎవరు? ఇంట్లో వేరే ఆదాయం ఉన్నవారు, లేక హాజరు పట్టీలో సంతకం పెట్టి పోయేవారు. పిదప ‘గిరిజనులలో ఆసక్తి లేదు’ అని నివేదిక వ్రాస్తారు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకంలో శిక్షణ దినాలకు రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. శిక్షణ కూడ పని దినమే, దానికి పైకం ఇవ్వవలెనన్న సూత్రం ఒకచోట అంగీకరించినందుకు సంతోషమే. కాని ఆ పథకంలో ఉన్నవి పదునెనిమిది వృత్తులు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, దర్జీ, బుట్టలు అల్లేవారు, వలలు అల్లేవారు ఉన్నారు. ఇప్పపువ్వు ఏరేవారు లేరు, టీ హోటలు లేదు. 2020లో వచ్చిన వీధి వ్యాపారుల ఋణ పథకం పట్టణాలకు ఉద్దేశించినది గనుక గ్రామ సంతలో గంప పెట్టుకొని కూర్చున్న ఆడమనిషికి అదియు అందదు.

రెండవది భాష. ఈ సీమలో తెలుగు, దోర్లి, గోండి కలిసి బ్రతుకుతున్నవి. బడి హిందీ, కచేరీ హిందీ, దరఖాస్తు ఇంగ్లీషు లేక హిందీ. ముల్లకట్ట వద్ద గోదావరిపై వంతెన వచ్చి హైదరాబాదు రహదారి కలిసిన పిమ్మట లారీలవారు, కొనుగోలుదారులు, మిరప మేస్త్రీలు ఎక్కువగా మాటాడునది తెలుగు. వ్యాపారం తెలుగులో జరుగుతుండగా వ్యాపార శిక్షణ మాత్రం ఆ భాషలో లేకపోతే, బేరం చేయవలసిన చోట నేర్చుకొన్న మాట పనికిరాదు. రెండు రాష్ట్రాల అధికారులు సరిహద్దున తనిఖీ గేటు పెట్టుటకు కూడబలుక్కొన్నారు. ఒక తెలుగు పాఠ్యపుస్తకం పంచుకొనుటకు కూడబలుక్కొనలేరా?

మూడవది, మా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, శిక్షణ ముగిసిన మరునాడు ఎవరు తోడుంటారు అన్నది. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో ఒక ధర్మసంస్థ, రెండు బ్యాంకులు కలిసి ప్రారంభించిన గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ నమూనాయే తరువాత దేశమంతటా జిల్లాకొకటి చొప్పున విస్తరించింది. శిక్షణ పొందిన వానిని రెండేండ్లపాటు వెంబడించి కష్టసుఖాలు విచారించుట ఆ నమూనాకు ప్రాణం. 2016 ప్రాంతంలో వచ్చిన గ్రామీణ వ్యాపార ప్రోత్సాహక పథకంలో ఊరి మనిషికే తర్ఫీదు ఇచ్చి, దుకాణం దుకాణానికి పోయి పద్దులు చూచి సలహా చెప్పించే పద్ధతి ఉన్నది. పెట్టుబడిదారీ దేశాలకు పెద్దన్న అయిన అమెరికాలో కూడ 1980 నాటి చట్టం క్రింద విశ్వవిద్యాలయాలలో చిన్న వ్యాపార సలహా కేంద్రాలు నడుస్తున్నవి. అక్కడ సలహాదారు ఎదురుగా కూర్చుని ఉచితంగా మాట్లాడుతాడు, ఖర్చులో ఒక వంతు కేంద్రానిది, మరొక వంతు స్థానికులది. స్వేచ్ఛా విపణి గురించి లోకానికి పాఠాలు చెప్పేవారు తమ ఇంటి చిన్న వ్యాపారిని మాత్రం విపణికి వదలివేయలేదన్నమాట!

మన పథకాలలో ఈ వెంబడింపు కాగితం మీద ఉన్నంతగా నేల మీద ఉండదు. కారణం వెతుకుటకు దూరం పోనక్కర లేదు. ఊరూరా తిరిగి పద్దులు చూడవలసిన ఆ సలహాదారు ఎవరు? తరచుగా స్వయం సహాయక బృందంలోని చదువుకొన్న మహిళ. ఆమె ఉద్యోగి కాదు, ఆమెకు జీతం లేదు. ఉన్నది గౌరవ భత్యమో, తిరిగిన దినానికి ఇంత అనే రుసుమో. పథకం గడువు తీరితే అదియు లేదు. అంగన్‌వాడీ, ఆశా సోదరీమణుల విషయంలో మన సంఘాలు ఏ పోరాటం చేస్తున్నవో అదే పోరాటం ఇక్కడ కూడ ఉన్నది. ఇతరులకు వ్యాపారంలో లాభనష్టాలు చెప్పే మనిషి తన నెల రాబడి ఎంతో చెప్పలేని స్థితిలో ఉంటే ఆ సలహాకు నిలుకడ ఎట్లు వస్తుంది? ఈ కార్యకర్తలను ఉద్యోగులుగా గుర్తించి నెల జీతం ఇవ్వవలెనని మన సమాఖ్య శాఖలు కోరవలెను.

ఈ ప్రాంతంలో సంత అనేది వట్టి బజారు కాదని గుర్తుంచుకొనవలెను. 2005 తరువాత సల్వాజుడుం కాలంలో ఊళ్లు ఖాళీ అయి, వారపు సంతలు మూతబడి, వేలాదిమంది గోదావరి ఇవతలకు, ఖమ్మం అడవులకు వలస వచ్చినారు. పౌరులకు తుపాకులిచ్చి నడిపిన ఆ విధానం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. సంత మళ్లీ కూడుట అంటే ఈ ప్రజల విషయంలో జీవితం మళ్లీ మొదలగుటయే. చిరు వ్యాపారికి సహాయం ఏదైనను పోలీసు శిబిరం ప్రక్కన బహుమతివలె కాక, గ్రామసభ ముందు హక్కుగా అందవలెనని మేము అనునది ఇందువలననే. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యం ఈ ప్రజలదేనని చెప్పినవి. యజమానికి శిక్షణ ఇచ్చే ముందు అతని ఆస్తి అతని చేతికి ఇచ్చినారా లేదా అని అడుగుట న్యాయమే కదా.

మరొక మాట మన కార్యకర్తలకు చెప్పవలసి ఉన్నది. ప్రభుత్వ సొమ్ముతో శిక్షణ పొంది, రాయితీ ఋణం తీసుకొని ఒక దుకాణమో మిల్లో పెట్టినవాడు నలుగురిని పనికి పెట్టుకొంటే ఆ నలుగురు మనవారు. శిక్షణలో పన్నులు, పద్దులు, బ్యాంకు వ్యవహారం నేర్పేవారు కనీస వేతన చట్టం, పని గంటలు, పిల్లలను పనిలో పెట్టుకొనరాదన్న నిబంధన కూడ నేర్పవలెను. చిన్నవాడు గనుక మినహాయించండని కొందరు అంటారు. చిన్నవానికి పెద్ద వర్తకుని నుండి రావలసిన బాకీ 45 దినాలలో ఇప్పించవలెనని 2006 నాటి చట్టం ఉన్నది. దానిని గట్టిగా అమలు జరిపితే తన పనివానికి వారం వారం కూలి ఇచ్చుటకు అతనికి ఇబ్బంది రాదు. పై నుండి రావలసినది రాబట్టుకొనలేక క్రిందివాని కూలి ఎగవేయుట మేము ఒప్పుకొనలేము.

తర్లగూడ మొదలుకొని భోపాలపట్నం వరకు ఉన్న పంచాయతీలలో మన మిత్రులు ఈ ఏడు చేయవలసిన పని పెద్దది కాదు. గత ఐదేండ్లలో ఏ శిక్షణకు ఎవరెవరి పేర్లు వ్రాసుకొన్నారో, వారిలో ఎందరు ఇప్పుడు ఆ పని చేసుకొని బ్రతుకుతున్నారో, కొనివచ్చిన యంత్రాలు తిరుగుచున్నవో లేక గదిలో తుప్పు పట్టుచున్నవో గ్రామసభలో చదివించవలెను. సమాచార హక్కు చట్టం ఇందుకు చాలును. డిసెంబరు, జనవరి నెలలలో, వరికోతకు, అడవి సరుకుకు మధ్య దొరికే తీరికలో శిక్షణలు పెట్టుమని జిల్లా అధికారులకు వినతిపత్రం ఇవ్వవలెను. చింతపండు చెట్టు నుండి దిగుట ఫిబ్రవరిలో మొదలవుతుంది. ఆ లోపల పిక్కతో, పిక్క లేకుండ ఏ ధరకు, ఎక్కడ, ఎవరు కొందురో, పైకం ఎన్ని దినాలకు ఇత్తురో తెలుగులోను, హిందీలోను వ్రాసి పంచాయతీ గోడకు అంటించవలెనని గట్టిగా కోరవలెను. ఆ కాగితం లేకుండ ఈ సారి ఎవరైన శిక్షణకు పిలిస్తే, ముందు కాగితం చూపించుమని అడుగవలెను.